మాటల్లేని సంగీతంలో కథ వినడం పిల్లలకు నేర్పేదెలా: విశాఖ తల్లిదండ్రులకు, టీచర్లకు సమగ్ర మార్గదర్శి

పాటలో మాటలుంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఎవరు పాడుతున్నారో, ఎందుకు ఏడుస్తున్నారో, వాన పడుతోందో వెన్నెల కాస్తోందో అన్నీ మాటలే చెప్పేస్తాయి. మాటలు తీసేసి ఒట్టి వీణో వయొలినో వినిపిస్తే మాత్రం రెండు నిమిషాల్లో పక్కచూపులు మొదలవుతాయి. వాళ్లకు ఇష్టం లేక కాదు. చెవి ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు, అంతే. అది నేర్పగలిగిన విషయమే. ఇంట్లో అమ్మానాన్నలు, స్కూల్లో టీచర్లు, అపార్ట్‌మెంట్ పిల్లల్ని ఆదివారం పూట మేడ మీద కూర్చోబెట్టగల పిన్నులు, బాబాయిలు ఎవరైనా నేర్పొచ్చు. మీకు సరిగమలు రాకపోయినా ఇబ్బంది లేదు.

విశాఖలో పిల్లలకు సంగీతం చెబుతూ నేను వాడే పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. 5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సరిపోతుంది. వారానికి ఒక గంట చాలు. ఒక్కో మెట్టు ఒక్క రోజులో అయిపోవాలని పట్టుబట్టకండి. కొన్నింటికి రెండు మూడు వారాలు పడుతుంది, పట్టనివ్వండి.

ముందు పెద్దలు పట్టుకోవాల్సిన విషయం

వాద్యం ఏనుగు బొమ్మ గీయలేదు. తొండం, చెవులు, రంగు ఏవీ చూపించలేదు. ఏనుగు ఎంత బరువుగా అడుగేస్తుందో మాత్రం అచ్చంగా చూపించగలదు. ఫ్రెంచ్ స్వరకర్త కామీ సాన్‌సాన్స్ 1886లో ‘జంతువుల కార్నివాల్’ పేరుతో 14 చిన్న చిన్న భాగాలు రాశాడు. అందులో ఏనుగు భాగాన్ని వయొలిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దదైన డబుల్ బేస్ మీద వాయిస్తారు. మంద్ర స్థాయిలో, అంటే బాగా కింది స్వరాల్లో బొంగురు గొంతు, తొందర లేని లయ. వింటుంటేనే నేల అదిరినట్టుంటుంది. అదే రచనలో హంస కూడా వస్తుంది. వయొలిన్ కన్నా పెద్దదైన చెల్లో మీద ఒక పొడవాటి స్వరం జారుతూ సాగిపోతుంటే, దాని కింద రెండు పియానోలు చిన్న చిన్న స్వరాలతో గలగలా కదులుతుంటాయి. పక్షిది ఒక కదలిక, నీళ్లది ఇంకో కదలిక. రెండూ ఒకేసారి చెవిన పడతాయి కాబట్టి మన మనసులో కొలను కనిపిస్తుంది. తాబేళ్ల భాగమైతే పిల్లలకు మరీ సరదా. ఎగిరి గంతులేయాల్సిన కాన్‌కాన్ డాన్స్ ట్యూన్‌ని తీసుకుని, ఈడ్చి ఈడ్చి వాయించేలా రాశాడాయన.

సంగీతం ముందు కదలికను ఇస్తుంది. ఆ కదలిక ఎవరిదో, ఎక్కడిదో పిల్లల ఊహ పూర్తి చేసుకుంటుంది. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క విషయం మీదే నిలబడ్డాయి. అందుకే కథను ముందే చెప్పేయొద్దని పదే పదే అంటుంటాను. ‘ఇప్పుడు ఏనుగు పాట విందాం’ అన్నారంటే ఇక వినేదేం ఉండదు. పిల్లలు తలూపి ఏనుగు బొమ్మ గీసేస్తారు, చెవులతో పని పడదు.

ఏమేం కావాలి

తెల్ల కాగితాలు, క్రేయాన్లు, ఒక పెద్ద చార్టు పేపరు, వంటింట్లోంచి నాలుగు సామాన్లు. ఇవి కాక ఒక మంచి స్పీకరు తప్పనిసరి. ఫోన్ స్పీకర్లో కింది స్వరాలు దాదాపు వినిపించవు. డబుల్ బేస్ ఏనుగు ఫోన్లో దోమలాగే ఉంటుంది. మామూలు బ్లూటూత్ స్పీకరైనా సరే, తెచ్చి గోడ మూలకు పెట్టండి. అక్కడ మంద్ర స్వరాలు ఇంకాస్త గట్టిగా పలుకుతాయి.

యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు స్క్రీన్ పిల్లలకు కనపడనివ్వొద్దు. బొమ్మ, పేరు రెండూ అక్కడే ఉంటాయి. హంస ఫొటో చూశాక ఇంకేదీ ఊహించలేరు. యాడ్ వచ్చి మధ్యలో తెగగొట్టకుండా ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే మంచిది.

మొదటి మెట్టు: బీచ్‌లో చెవి పని

సంగీతంతో మొదలెట్టకండి. ఊళ్లో వినిపించే చప్పుళ్లతో మొదలెట్టండి. తెల్లారగట్ల వాకర్ల కోసం బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసే టైమ్‌లో పిల్లల్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లండి. నీళ్లకు కాస్త దూరంగా ఇసుకలో కూర్చోబెట్టి రెండు నిమిషాలు కళ్లు మూసుకోమనండి. తర్వాత ఏం వినిపించిందో అడగండి.

మొదట అందరూ ‘సముద్రం’ అనే అంటారు. అక్కడ ఆగొద్దు. ఒక్క అలను పట్టుకుని దాన్ని ముక్కలుగా వినమనండి. దూరంగా ఒక గుబగుబ మొదలవుతుంది. దగ్గరికొచ్చేకొద్దీ పెరిగి ధబ్బున విరుగుతుంది. ఆ తర్వాత నీళ్లు ఇసుక మీంచి వెనక్కి పోతూ సన్నగా సుస్‌స్‌స్ అంటాయి. ఆ వెంటనే చిన్న ఖాళీ, మళ్లీ గుబగుబ. ఒక్క అలలోనే మొదలు, పెరగడం, విరగడం, వెనక్కి తగ్గడం, ఆగడం ఉన్నాయి. కథకు ఉండాల్సినవన్నీ ఉన్నాయి! పిల్లలు ఇది వేళ్లతో గాలిలో గీస్తూ వినాలి. పెద్దపిల్లలైతే ఏ అల విరిగే ముందు ఎక్కువసేపు ఊరించిందో చెప్పగలుగుతారు.

బీచ్ దూరమైన వాళ్లు దిగులు పడక్కర్లేదు. గాజువాకలోనో మధురవాడలోనో బాల్కనీలో కూర్చున్నా పాలవాడి బండి, పై వాటర్ ట్యాంకు నిండి పొర్లడం, కుక్కర్ విజిల్ ఉంటాయి. పోర్టుకు దగ్గర్లో ఉండేవాళ్లకు ఓడ హారన్ ఉంటుంది. అంత లోతైన, పొడవైన ఒక్క స్వరం ఇంకెక్కడా దొరకదు. అది విన్న పిల్లల్ని ‘ఓడ పెద్దదని ఎలా తెలిసింది?’ అని అడగండి. స్థాయికీ సైజుకీ సంబంధం వాళ్లే చెబుతారు. చిన్న గొంతు పైన, పెద్ద ఒళ్లు కింద.

రెండో మెట్టు: ఒంటితో వినడం

ఇది త్వరగా అయిపోతుంది, ముఖ్యంగా చిన్నపిల్లలతో. కీబోర్డో, హార్మోనియమో, లేకపోతే మీ గొంతో చాలు. పై స్వరం వినిపిస్తే చేతులు పైకి, కింది స్వరమైతే కూర్చోవడం. లయ పెరిగితే నడక పెంచాలి, తగ్గితే తగ్గించాలి. స్వరాలు తెగి తెగి వస్తే పిల్లిలా అడుగులు, జారుతూ వస్తే స్కేటింగ్‌లా కాళ్లు జార్చడం. చప్పుడు ఆగగానే శిలలా నిలబడిపోవాలి. ఈ ఆగడాన్ని ఎక్కువసార్లు ఆడించండి. నిశ్శబ్దం కూడా సంగీతంలో భాగమేనని మాటల్లో చెబితే ఎక్కదు, ఒంటికి తెలియాలి.

మూడో మెట్టు: పేరు చెప్పకుండా వినిపించడం

ఇక అసలు పని. మొదటి రచనగా నేను ఎప్పుడూ నార్వే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ 1875లో రాసిన ‘కొండరాజు కొలువులో’ భాగాన్ని తీసుకుంటాను. రెండున్నర నిమిషాలే. ఒకే చిన్న ట్యూన్ మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఐదేళ్ల పిల్లలు కూడా పట్టుకోగలరు. మొదట కింది స్థాయిలో, మెల్లగా, తెగి తెగి వస్తుంది. ప్రతి చుట్టుకూ ఇంకొన్ని వాద్యాలు చేరతాయి, వేగం పెరుగుతుంది. చివరికి ఆర్కెస్ట్రా మొత్తం విరుచుకుపడుతుంది.

మొదటిసారి వినేటప్పుడు కళ్లు మూసుకోవడం తప్ప పనేమీ వద్దు. రెండోసారి కాగితం మీద ఒక గీత మాత్రం గీయాలి. బొమ్మ వద్దు, గీత చాలు. సంగీతం ఎటు పోతే గీత అటు పోవాలి. ఎదురుగా ఉన్న కాగితాలు చూడండి. చాలా గీతలు ఎడమవైపు చిన్న చిన్న చుక్కలుగా మొదలై కుడివైపుకొచ్చేసరికి కాగితం చిరిగేంత ఒత్తుగా ఉంటాయి. మూడోసారి వినిపించి, ఎవరికి ఏం తోచిందో మాట్లాడుకోకుండా రాయమనండి. రాయలేని చిన్నవాళ్లు మీ చెవిలో చెబుతారు. ముందు నోటితో చెప్పనిస్తే మొదట మాట్లాడిన ఒకరి కథే అందరి కథ అయిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ‘ఏం విని అలా అనిపించింది?’ ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి. మా క్లాసులో సంభాషణ ఇలా సాగుతుంది:

“టీచర్, ఎవరో దొంగతనానికి వస్తున్నారు.”

“ఏం విని అలా అనిపించింది నాన్నా?”

“మెల్లగా అడుగులేస్తున్నాడు. కానీ ఆగట్లేదు.”

“తర్వాత?”

“దొరికిపోయాడు. అందరూ వెంటపడ్డారు. అందుకే ఎక్కువమంది వాయిస్తున్నారు.”

ఇంకో పాప అదే భాగాన్ని రైలు అంటుంది. స్టేషన్లోంచి మెల్లగా కదిలి వేగం పుంజుకుంది కాబట్టి రైలు. ఇద్దరూ సరిగ్గానే విన్నారు. ఇద్దరూ చూపించిన ఆధారం ఒకటే: మెల్లగా మొదలై, ఆగకుండా, వేగంగా పెరగడం. ఆ తర్వాతే అసలు కథ చెప్పండి. ఇబ్సెన్ నాటకం ‘పేర్ గింట్’ కోసం గ్రీగ్ రాసిన సంగీతం ఇది. కొండ లోపల ఉండే ట్రోల్ అనే వికార జీవుల మధ్య చిక్కుకుని కుర్రాడు తప్పించుకోబోతాడు, అవి వెంటపడతాయి. వెంటబడ్డ దొంగ కథ చెప్పిన పిల్లాడి మొహం అప్పుడు చూడాలి.

‘సంగీతంలో తప్పు జవాబు ఉండదు, ఏది తోస్తే అదే రైటు’ అని చెప్పేవాళ్లున్నారు. నేను దానికి ఒప్పుకోను. ప్రతిదానికీ డైనోసార్ అని చెప్పే పిల్లాడు ఏ గుంపులోనైనా ఒకడు ఉంటాడు. వాణ్ని కసరక్కర్లేదు. ‘ఎక్కడొచ్చింది డైనోసార్? వచ్చినప్పుడు చెయ్యి ఎత్తు’ అని మళ్లీ పెట్టండి. డ్రమ్ములు దబదబలాడే చోట చెయ్యి ఎత్తాడా, వాడి డైనోసార్ నిలబడింది. ఎక్కడా ఎత్తలేకపోతే ఇంకోసారి విందాం రా అనండి. జవాబులు ఎన్నైనా ఉండొచ్చు. ప్రతి జవాబుకూ చప్పుడులో ఒక ఆనవాలు ఉండాలి.

నాలుగో మెట్టు: ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు

రష్యా స్వరకర్త సెర్గెయ్ ప్రోకోఫియెవ్ 1936లో ‘పీటరూ తోడేలూ’ అనే రచనను పిల్లల కోసమే చేశాడు. ఇందులో కథ చెప్పే మనిషి గొంతు కూడా ఉంటుంది, పాత్రలను మాత్రం వాద్యాలే పోషిస్తాయి. పక్షికి ఫ్లూటు, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, సణిగే తాతయ్యకు బసూన్, తోడేలుకు మూడు ఫ్రెంచ్ హార్న్‌లు, పీటర్‌కు వయొలిన్ వర్గం.

మొత్తం వినిపించడానికి దాదాపు 25 నిమిషాలు పడుతుంది. మొదటి రోజే అంతా పెట్టకండి. కథకుడి మాటలు రాకుండా ఒక్కో పాత్ర ట్యూన్ మాత్రం వినిపించండి. బోర్డు మీద పిల్లి, తోడేలు, బాతు, తాతయ్య, పక్షి అని రాసి ఏది ఎవరిదో పిల్లల్నే తేల్చుకోమనండి. తాతయ్యను దాదాపు ప్రతి గుంపూ ముందే పట్టేస్తుంది. పిల్లి దగ్గర వాదన జరుగుతుంది, జరగనివ్వండి. మెత్తటి గొంతు, ఆగి ఆగి వేసే అడుగు గమనించిన వాళ్లు గెలుస్తారు.

వచ్చే వారం మొత్తం కథ పెట్టండి. చివర్లో ఒక చోటు ఉంది, దాన్ని మీరు ముందే చెప్పేయొద్దు. తోడేలు బాతును మింగేసి ఉంటుంది. పట్టుబడ్డ తోడేలుతో ఊరేగింపు జరుగుతుండగా ఓబో మళ్లీ సన్నగా వినిపిస్తుంది. ‘బాతు బతికే ఉంది! కడుపులో ఉంది!’ అని పిల్లలు వాళ్లంతట వాళ్లే అరిస్తే ఈ మెట్టు ఎక్కేసినట్టే.

ఎనిమిదేళ్లు దాటిన వాళ్లకు ఇంకో పని ఇవ్వొచ్చు. ఇటలీకి చెందిన వివాల్డి 1725లో అచ్చువేయించిన ‘నాలుగు రుతువులు’లో, వసంతంలోని రెండో భాగంలో మూడు చప్పుళ్లు ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. ముఖ్య వయొలిన్ నిద్రపోతున్న మేకల కాపరి, మిగతా వయొలిన్లు ఆకుల గలగల, వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యమైన వయోలా మొరిగే కుక్క. ఇవన్నీ స్వరలిపిలోనే రాసి ఉన్నాయి. పిల్లల్ని మూడు జట్లు చేసి ఒక్కో జట్టుకు ఒక్కో చప్పుడు అప్పగించండి. తమదాన్నే చివరిదాకా వేలితో అనుసరించాలి. మూడూ ఒకేసారి వినడం పెద్దవాళ్లకే కష్టం, ఒక్కొక్కటిగా వింటే ఎవరికైనా తేలిక.

ఐదో మెట్టు: మన కోయిల, వాళ్ల కోయిల

పైవన్నీ పడమటి దేశాల రచనలు. మన వాద్యాల దగ్గరికి రాకుండా ఇక్కడితో ఆపేస్తే సగం చదువే. పైగా విశాఖ చుట్టుపక్కల ఈ విషయంలో దొరికినంత సరుకు చాలాచోట్ల దొరకదు. బొబ్బిలి వీణ ఇక్కడికి దగ్గరే. పనస దుంగను తొలిచి, దండీ కుండా ఒకే చెక్కలో వచ్చేలా చేస్తారు. 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాల పక్క ఊళ్లోనే ఉంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే పాఠం చెప్పాడు.

పాఠానికి మాత్రం కాకినాడలో పుట్టిన వైణికుడు చిట్టిబాబును తీసుకోండి. ఆయన ‘కొమ్మలో కోయిల’లో వీణ మీద కోయిల కూత పలికిస్తాడు. పేరు చెప్పకుండా వినిపించండి. పిల్లలు నవ్వేసి తిరిగి ‘కూ’ అంటారు, పెరట్లో కోయిలను ఏడిపించినట్టే. ఇక్కడ ఆపి దగ్గరగా వినిపించండి. మన కోయిల కూత కింద మొదలై పైకి సాగుతుంది. ప్రతి కూతా ముందుదానికన్నా కాస్త ఎత్తులో ఉంటుంది. అలా ఎక్కి ఎక్కి హఠాత్తుగా ఆగిపోతుంది. ఈ ‘సాగడం’ వీణకు ఎలా వచ్చింది? వీణ దండి మీది మెట్టు దగ్గర తీగను వేలితో పక్కకు లాగితే బిగువు పెరిగి స్వరం తెగకుండా పైకి జారుతుంది. దగ్గర్లో వీణ నేర్చుకునే అక్క ఎవరైనా ఉంటే పిలిచి, ఆ లాగడాన్ని పిల్లలకు కళ్ల ముందు చూపించమనండి. పిల్లల్ని కూడా ఒకసారి లాగనివ్వమనండి. వేలు నొప్పెడుతుంది, ఆ విషయం కూడా తెలియాలి.

వెంటనే సాన్‌సాన్స్ ‘జంతువుల కార్నివాల్’లోని కోయిలను పెట్టండి. అక్కడ క్లారినెట్ రెండే రెండు స్వరాలు పలుకుతుంది, అదీ పైనుంచి కిందికి. ఎన్నిసార్లు వచ్చినా అవే రెండు. ‘ఇది మన కోయిల కాదు టీచర్’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నిజమే. యూరప్ అడవుల్లో కూసే కుకూ వేరే పిట్ట, దాని కూత అలాగే దిగుతుంది. ఒకే పాఠంలో రెండు దేశాల పిట్టలను చెవితో విడదీసిన పిల్లలకు, సంగీతకారుడు తన చుట్టూ ఉన్నదాన్ని ఎంత జాగ్రత్తగా విని రాస్తాడో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

చిట్టిబాబు గురువు ఈమని శంకరశాస్త్రి. ఆయన ‘ఆదర్శ శిఖరారోహణం’ అనే వీణ రచన చేశాడు. పేరు దాచిపెట్టి, వినిపించేటప్పుడు ఎటు పోతున్నామో చెప్పమనండి. పైకా కిందికా, తేలిగ్గానా కష్టంగానా?

ఈ మెట్టులోనే ఇంకో సంగతి తెలియాలి. సంగీతం కథను మూడు దారుల్లో మోస్తుంది. కోయిలలా అచ్చంగా అనుకరించడం ఒకటి. ఏనుగులా కదలికను చూపడం రెండోది. మూడోది అలవాటు. సంక్రాంతి నెలలో వీధిలో సన్నాయి, డోలు వినపడగానే బయటికి చూడకుండానే గంగిరెద్దు వచ్చిందంటారు పిల్లలు. సన్నాయి గొంతులో ఎద్దేమీ లేదు. ఏళ్ల తరబడి రెండూ కలిసి వచ్చాయి కాబట్టి ముడిపడిపోయాయి. భూపాల రాగం పొద్దుపొడుపుకు, నీలాంబరి జోలపాటకు ముడిపడింది కూడా చాలావరకు అలాగే. నీలాంబరి వినిపించి ‘ఏం తోచింది?’ అని అడగండి. చాలామంది మెల్లగా, ఊగుతున్నట్టుంది అనే చెబుతారు. ఆ ఊగడం కదలిక. జోలపాట అన్నది మన అలవాటు. పదేళ్లు దాటినవాళ్లు ఈ తేడాను బాగానే పట్టుకుంటారు, చిన్నవాళ్లతో దీని జోలికి పోవద్దు.

వీలైతే జముకుల కథ చెప్పేవాళ్ల జముకును పిల్లలకు వినిపించండి. తీగ బిగువు మారుస్తూ మీటితే స్వరం మనిషి గొంతులా సాగుతూ పైకీ కిందికీ పోతుంది. మన ఉత్తరాంధ్రలో కథను ఇంత చిన్న వాద్యంతో నిలబెట్టినవాళ్లున్నారని పిల్లలకు తెలియడం నాకు చాలా ముఖ్యం.

ఆరో మెట్టు: మన తుపాను మనమే చేద్దాం

ఇప్పటిదాకా విన్నారు, ఇక చేయాలి. విషయం ఏదైనా తీసుకోవచ్చు. అరకు రైలు సొరంగంలోకి దూరి బయటపడటం బాగుంటుంది, ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజాము బాగుంటుంది. నేను ఎక్కువగా తుపానునే ఎంచుకుంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఈ పిల్లలు చాలామంది ఇంకా పుట్టలేదు, కానీ ఇంట్లో అందరికీ గుర్తే. ముందు వారం ఒక హోంవర్కు ఇవ్వండి: ఆ రోజు ఏం వినిపించిందో అమ్మనో నాయనమ్మనో అడిగి రాసుకురావాలి. ఏం కనిపించిందని కాదు, ఏం వినిపించిందని. తలుపులు కొట్టుకోవడం, రేకులు లేచిపోవడం, చెట్లు విరగడం చెబుతారు. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయిందని కూడా చెబుతారు. తుపాను కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు వచ్చే నెమ్మది అది. తర్వాత గాలి ఎదురు దిక్కునుంచి మళ్లీ మొదలవుతుంది.

ఇంతకన్నా మంచి కట్టడం సంగీతానికి దొరకదు. చార్టు పేపరును అడ్డంగా పరిచి పది మడతలు పెట్టండి. ఒక్కో మడత పదిహేను సెకన్లు. నాలుగు వరుసలు గీయండి: సముద్రం, గాలి, వాన, ఇల్లు. ఏ చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ పెరగాలో పిల్లలే రంగు గీతలతో నింపుతారు. సన్నగీత మెల్లగా, మందగీత గట్టిగా. కన్ను దగ్గర ఒక మడత మొత్తం ఖాళీగా వదలాలి. ఒక పిల్ల కర్ర పట్టుకుని చార్టు మీద మడత మడతకూ జరుపుతుంటే మిగతావాళ్లు చూసి వాయిస్తారు.

సముద్రానికి వెదురు చాటలో రెండు గుప్పెళ్ల పెసలు పోయండి. దీన్ని దగ్గరుండి నేర్పాలి. పిల్లలు ఊరికే కుదిపేస్తారు, అప్పుడది వడ్లు చెరిగినట్టుంటుంది. చాటను రెండు చేతులా పట్టుకుని ఒక అంచును చాలా మెల్లగా పైకెత్తమనండి. గింజలు ముందు ఒకటీ రెండూ కదులుతాయి, తర్వాత అన్నీ కలిసి దొర్లి అంచుకు తగిలి విరుగుతాయి. వెనక్కి వాల్చేటప్పుడు ఇంకా మెల్లగా. అప్పుడే ఆ సుస్‌స్‌స్ వస్తుంది. అలకూ అలకూ మధ్య ఒక్కసారి ఊపిరి తీసుకుని వదలాలి. ప్లాస్టిక్ చాటలో ఈ చప్పుడు రాదు, గరగరలాడుతుంది.

వానకు అరచేతి మీద ఒక వేలితో, తర్వాత రెండు, మూడు, నాలుగు వేళ్లతో తట్టడం. గుంపుగా చేస్తే జల్లు పెరుగుతున్నట్టే ఉంటుంది. గాలికి న్యూస్‌పేపరు పొడవాటి పట్టీలు ఊపడం, నోటితో ‘హూ’. ఇంటికి స్టీలు పళ్లెం, తలుపు, గడియ. కీబోర్డో వయొలినో వాయించే పిల్లలుంటే కిందినుంచి పైకి పాకే స్వరాలు ఇవ్వండి. ట్యూన్ అక్కర్లేదు.

గాలి పట్టుకున్నవాళ్లను రెండు జట్లు చేసి గదికి రెండు వైపులా కూర్చోబెట్టండి. కన్నుకు ముందు ఎడమ జట్టు మాత్రమే ఊదాలి, తర్వాత కుడి జట్టు. మధ్యలో కూర్చుని వినేవాళ్లకు గాలి దిక్కు మారడం ఒక్క మాట లేకుండా అర్థమైపోతుంది. ఖాళీ మడత దగ్గర నవ్వులు, దగ్గులు వస్తాయి. ఆ పదిహేను సెకన్లు నిలబెట్టడానికే ఒక రోజంతా పట్టినా పెట్టండి.

చప్పుళ్లకు భయపడే పిల్లలుంటే వాళ్ల చేతికి కర్ర ఇవ్వండి. తుపాను ఎప్పుడు రావాలో ఎప్పుడు ఆగాలో తమ చేతిలోనే ఉంటే టెన్షన్ తగ్గుతుంది.

ఏడో మెట్టు: పేరు చెప్పకుండా ప్రదర్శన

తాతయ్యల్ని, పక్క ఫ్లాట్ వాళ్లని పిలవండి. పేరు చెప్పొద్దు. విన్నాక వాళ్లనూ అదే ప్రశ్న అడగాలి, ఈసారి పిల్లలే అడగాలి: ‘ఏం విని అలా అనిపించింది తాతగారూ?’ ఎవరైనా ‘పెళ్లి ఊరేగింపు’ అంటే పిల్లలు డీలా పడతారు. ఎక్కడ అలా అనిపించిందో కనుక్కుని, ఆ మడతలో ఏం మార్చాలో వాళ్లనే ఆలోచించమనండి. పళ్లెం మోత లయగా పడితే తాళంలా వినపడి ఊరేగింపు అనిపిస్తుంది. లయ తప్పించి అక్కడో దెబ్బ, ఇక్కడో దెబ్బ వేస్తే తలుపు కొట్టుకున్నట్టుంటుంది. మార్చి మళ్లీ వాయించమనండి.

మధ్యలో వచ్చే ఇబ్బందులు

సినిమా పాట పెట్టమని గొడవ చేస్తారు. కాదనకండి, వేరే పని చేయించండి. హార్బర్‌లో పడవ బయల్దేరడాన్ని మీ ఫోన్లో ఒక నిమిషం వీడియో తీయండి. మాటల్లేకుండా దాని కింద ఒకసారి ‘హంస’, ఇంకోసారి ‘కొండరాజు’ వినిపించండి. మొదటిసారి పడవ హాయిగా పోతుంది, రెండోసారి దానికేదో జరగబోతోంది. సినిమాల్లో వెనకాల సంగీతం ఏం చేస్తుందో ఆ రోజుతో అర్థమైపోతుంది. తర్వాత వాళ్లే టీవీ ముందు కూర్చుని చెబుతుంటారు.

సరిగ్గా వినపడని పిల్లలుంటే గాలి ఊదిన బెలూన్‌ను రెండు అరచేతుల మధ్య పట్టుకుని స్పీకరుకు దగ్గరగా కూర్చోమనండి. మంద్ర స్వరాల అదురు చేతికి బాగా అందుతుంది. ఏనుగు, ఓడ హారన్, డ్రమ్ములు వాళ్లకు ఇలా చేరతాయి. గీత గీసే పని అందరితోపాటు వాళ్లకూ ఇవ్వండి.

నోరు విప్పని పిల్లల్ని బలవంతంగా మాట్లాడించకండి. గీత చాలు. గీతలో చెప్పినది చాలాసార్లు గట్టిగా మాట్లాడేవాళ్ల కథలకన్నా లోతుగా ఉంటుంది.

పెద్దపిల్లలకు: ఒక నది మొత్తం

పదేళ్లు దాటి, పై మెట్లన్నీ ఎక్కినవాళ్లకు చెక్ స్వరకర్త బెడ్రిక్ స్మెతనా 1874లో రాసిన ‘వల్తావా’ వినిపించండి. 12 నిమిషాలకు కాస్త అటూ ఇటూ. రెండు చిన్న ఊటలుగా ఫ్లూట్లతో, క్లారినెట్లతో మొదలైన నది కలిసి పెద్దదవుతుంది. వేటగాళ్ల అడవిని, పల్లెలో పెళ్లిని, వెన్నెల రాత్రిని, రాళ్ల మీది సుడులను దాటి ప్రాగ్ నగరం చేరుతుంది. ఇది రాసేనాటికి స్మెతనాకు వినికిడి పూర్తిగా పోయింది. ఆ సంగతి విన్నాక పిల్లలు ఇంకోసారి పెట్టమంటారు.

ఆపైన వాళ్లకు గోస్తని నదిని అప్పగించండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర రాళ్ల మధ్య పారి, తాటిపూడి రిజర్వాయర్‌లో నిలిచి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గుహలో చుక్క చుక్కగా పడే నీళ్లు, కొండ దిగేటప్పుడు తొందర, రిజర్వాయర్‌లో కదలీ కదలని నీరు, చివర అలలతో గుద్దుకోవడం. నాలుగు చోట్లు, నాలుగు రకాల కదలికలు. వీలైతే ముందు ఒకసారి బొర్రాకు, ఒకసారి భీమిలికి తీసుకెళ్లి విననివ్వండి. పిల్లలను నాలుగు జట్లు చేసి ఒక్కో చోటు ఒక్కో జట్టుకివ్వండి. నదికి మాత్రం ఒకే చిన్న ట్యూన్ ఉండాలి, అది నాలుగు జట్ల చేతుల్లోనూ వినపడాలి. ఐదారు స్వరాలు మించొద్దు. ఆ ట్యూన్ ఏదో తేల్చుకోవడానికి వాళ్లు బాగా గొడవపడతారు, కాబట్టి మొదటి ఆదివారం మొత్తం దానికే ఉంచండి.